కుక్కా పిల్లీ లేని ఇల్లు

"మా ఇంట్లో కుక్క లేదు, పిల్లి లేదు, మాకు ఆ పురుగులు ఎట్లా వస్తాయి?" అని అడిగేవాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అడిగే తీరులోనే ఉంటుంది ఆ గొప్ప. పురుగు వచ్చి గడప దగ్గర నిలబడి, లోపల కుక్క ఉందా అని కనుక్కుని, లేదంటే మర్యాదగా వెనక్కి తిరిగిపోతుందని వాళ్ల ఉద్దేశం. ఇంతటి తెలివితక్కువతనాన్ని ఇంత ధీమాగా మోసుకు తిరిగే మనుషులను నేను మొదట చూసింది మా అత్తగారింట్లోనే.

నేను తాడిపత్రి పిల్లను. మా నాయన బండలకు పాలిష్ పట్టే యూనిట్ నడిపేవాడు. రాయి కోసే చప్పుడు మధ్య, తెల్లటి రాతి బురదలో ఆడుకుంటూ పెరిగినదాన్ని. పెళ్లయి కుందుర్పి వైపు ఒక పల్లెకు కాపురానికి వెళ్లాను. వాళ్లు భూములున్నవాళ్లు. భూములు ఉండేవి, వాటిలో పంట ఉండేది కాదు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో వానలు వరుసగా మొహం చాటేసిన కాలం అది. బోర్లన్నీ ఎండిపోయినా మా బావగారి మీసానికి మాత్రం నూనె తగ్గలేదు. ఊళ్లో రాజకీయమంతా మా వసారాలోనే నడవాలి, అందరూ వచ్చి మా జంపఖానా మీదే కూర్చోవాలి. అది ఆయన పంతం.

మా అత్తగారి దృష్టిలో శుభ్రమంటే రెండే పనులు. పొద్దున్నే వాకిట్లో పేడనీళ్లు చల్లి ముగ్గు వేయించడం, గొర్రెలు కాసేవాళ్లు వస్తే మెట్ల కిందే నిలబెట్టి మాట్లాడడం. ఈ రెండూ సక్రమంగా జరిగిపోతే ఇల్లు అద్దంలా ఉన్నట్టే. మంచాల కింద ఏముందో, బండల సందుల్లో ఏం పేరుకుందో ఆమెకు అనవసరం. ఆమె కుక్కను తాకితే తలస్నానం చేసేది. పిల్లి ఎదురొస్తే ప్రయాణం మానుకునేది. ఎద్దులను ముందటి ఏడే మేత లేక అమ్మేశారు. కాబట్టి ఊళ్లో నాలుగు కాళ్ల జీవం లేని ఇల్లు మాదొక్కటేనని వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేది. పాపం ఆమె ఎలుకలకు ఎన్ని కాళ్లో మరిచిపోయింది.

ఎలుకలు రావడానికి కారణం వేరుశనక్కాయలు. మా జిల్లాలో రైతు తిండి లేకపోయినా ఉంటాడుగానీ విత్తనం కాయలు లేకుండా ఉండడు. అంతకుముందు మా ఇంట్లో విత్తనం మూటలు పెరట్లో కొట్టంలో ఉండేవట. కరువులో ఎవరైనా ఎత్తుకుపోతారని మా బావగారికి భయం పట్టుకుంది. గొర్రెలవాళ్ల మీద ఆయనకు మొదటినుంచీ అనుమానమే. అందుకని ఆ ఏడు మూటలన్నీ ఇంట్లోకి చేర్పించి, నడిమింటి పక్క గదిలో కప్పుదాకా పేర్పించాడు. ఆ గది తాళంచెవి మా అత్తగారి నడుముకు చేరింది. కాపలా కోసం ఆమె పడక కూడా ఆ గదిలోకే మారింది. గోడకు ఇవతల గదిలో నేను, ఇంకా ఏడాది నిండని నా కూతురు పడుకునేవాళ్లం. మధ్యలో ఉన్న తలుపు సరిగ్గా పడేది కాదు.

విత్తే కాలం వచ్చింది, వాన రాలేదు. తర్వాతైనా పడుతుందని ఎదురుచూశారు, అప్పుడూ పడలేదు. మూటలు కదల్లేదు. ఎలుకలకు మాత్రం కరువు తెలియలేదు. మూటలు కొరికి, పొట్టు కుప్పలు పోసి, ఆ పొట్టులోనే పిల్లలను పెట్టుకుని మాకంటే సుఖంగా బతికాయి. ఊరంతా రాగిముద్దలోకి ఊరిబిండి నూరుకోవడానికి కాయలు వెతుక్కుంటుంటే మా ఇంటి ఎలుకలు బలిసి నడిమింట్లో పట్టపగలే తిరిగేవి.

మా బావగారు చివరికి రంగంలోకి దిగాడు. టౌన్ నుంచి ఎలుకల మందు తెచ్చి, కాయల ముద్దలో కలిపి గది నిండా పెట్టించాడు. ఎలుకలు చచ్చాయి. చచ్చినవాటిని తోక పట్టుకుని వసారాలోకి తెచ్చి, వచ్చినవాళ్లకు చూపించి మరీ పారేయించాడు. ఎన్నికల్లో గెలిచినవాడు కూడా అంత ఊరేగి ఉండడు. మూటల వెనకా, గోడ కన్నాల్లోనూ చచ్చినవాటి సంగతి ఎవరూ పట్టించుకోలేదు, వాసన వస్తే అగరుబత్తి ముట్టించారు.

ఇక్కడే అసలు తప్పు జరిగింది. ఎలుక ఒంటి మీద బతికే పురుగు ఎలుక చస్తే దానితోపాటు చావదు. ఎలుక చల్లబడగానే దిగి, వెచ్చటి ఒళ్లు ఇంకెక్కడుందా అని బయలుదేరుతుంది. ముందు పురుగును చంపాలి, లేదా కనీసం రెండింటినీ కలిపి చంపాలి. ఎలుకను ఒక్కదాన్నే చంపి మీసం దువ్వుకున్న మా బావగారు నిజానికి చేసిందేమిటంటే, ఆ పురుగులన్నిటినీ మామీదికి తోలడం.

ఆ పురుగు నల్లి కాదు, పేను కాదు, గొడ్లకు పట్టే గోమారీ కాదు. నువ్వుగింజలో సగం ఉంటుంది, రెక్కలుండవు, వేలు పెట్టేలోపు గెంతి ఎక్కడో పడుతుంది. గుమ్మఘట్ట వైపు కన్నడం మాట్లాడేవాళ్లు దాన్ని చిగట అంటారు. నాకు అది చిన్నప్పటినుంచి తెలుసు, మా నాయన యూనిట్‌లో కాపలా కుక్కలు ఉండేవి కాబట్టి. నా చీలమండల చుట్టూ వరసగా ఎర్రటి దద్దుర్లు లేచిన రోజే నేను గుర్తుపట్టాను. మధ్యాహ్నం తెల్ల సాక్సులు వేసుకుని మూటల గదిలో కాసేపు నిలబడ్డాను. చూస్తుండగానే తెలుపు మీద నల్ల చుక్కలు ఎక్కాయి.

ఆ సాక్సులు తీసుకుపోయి మా అత్తగారికి చూపించాను. ఆమె వాటివైపు చూడను కూడా లేదు. బండలు కోసుకునేవాళ్ల ఇళ్లల్లో, గొర్రెలు కాసుకునేవాళ్ల ఇళ్లల్లో అట్లాంటివి ఉంటాయని, ఈ ఇంట్లో కుక్క లేదు, పిల్లి లేదని, ఒకవేళ ఉంటే అది నా పుట్టింటి పెట్టెలో వచ్చి ఉంటుందని చెప్పింది. నేను తాడిపత్రి నుంచి కాపురానికి వచ్చి అప్పటికి రెండేళ్లు కావస్తోంది. అంతకాలం ఆ పురుగు పట్టుచీరల మధ్య ఉపవాసం చేసిందన్నమాట.

ఈలోగా నా కూతురికి మొదలైంది. పాకే పిల్ల, నేల మీదే ఉండేది. ముందు పాదాల మీద, తర్వాత పిక్కల మీద, తర్వాత నడుము చుట్టూ ఎర్రగా పొక్కులు లేచాయి. గోకి గోకి వాటిని పగలగొట్టుకుంది. ఒళ్లు కాస్త వెచ్చబడింది. మా అత్తగారు పిల్ల బట్ట ఎత్తి చూసి, రెండు చేతులూ జోడించి, అమ్మవారు పోసిందని చెప్పేసింది.

మా పక్క ఆ మాటకు తిరుగులేదు. అమ్మవారు పోసిన ఇంట్లో చీపురు పట్టకూడదు. బట్టలు ఉతకకూడదు. పిల్లకు స్నానం పోయకూడదు. పోపు చిటపటలాడకూడదు. మందు మింగించకూడదు, డాక్టరు గడప తొక్కకూడదు. గుమ్మానికి వేపమండలు కట్టి, పిల్లను వేపాకుల మీద పడుకోబెట్టి, అమ్మ తనంతట తాను దిగిపోయేదాకా చేతులు కట్టుకుని కూర్చోవాలి. అంటే ఆ పురుగు నోరుండి అడిగి ఉంటే ఏమేం కోరుకునేదో అవన్నీ మేం దానికి చేసి పెట్టాం. బండల సందుల్లో దుమ్ము అలాగే ఉంది, దాని గుడ్లు అందులోనే పగిలి పిల్లలయ్యాయి. పక్కబట్టలు ఉతికే పని తప్పింది, ట్యాంకర్ నీళ్లు మిగిలాయని మా బావగారు సంతోషించాడు కూడా.

అవి అమ్మవారి పొక్కులైతే నాకెందుకు ఉన్నాయి, అవీ మోకాలి కిందే ఎందుకు ఉన్నాయి అని నేను మా ఆయనను పట్టుకుని అడిగాను. పిల్లను తీసుకుని కళ్యాణదుర్గం డాక్టరు దగ్గరికి పోదాం పదమన్నాను. ఆయన అప్పుడే కాలు గోక్కుంటున్నాడు. గోక్కోవడం ఆపి, "అమ్మ చెప్పినట్లు ఇనుమే, పెద్దోళ్లకు తెలీదా" అన్నాడు. అని మళ్లీ గోక్కున్నాడు. ఆ మనిషితో నేను ఇన్నేళ్లు కాపురం చేశాను, మంచివాడే, కానీ ఆ రోజు ఆయన మీద నాకు కలిగిన చులకన ఇప్పటిదాకా పూర్తిగా పోలేదు.

తర్వాత దర్శనాలు మొదలయ్యాయి. బయటి ఊరి మనిషి గడప దాటకూడదుగానీ ఊళ్లో ముత్తైదువలు రావచ్చని మా అత్తగారే ఒక వెసులుబాటు కల్పించింది. వాళ్లు పెరుగన్నం తెచ్చి, జంపఖానా మీద కూర్చుని, నా కూతురి కాళ్లకు పసుపు పూసి దండం పెట్టుకునేవాళ్లు. పిల్ల ఏడుస్తుంటే అమ్మ ఉగ్రంగా ఉందనేవాళ్లు. ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లితే అమ్మ శాంతించిందనేవాళ్లు. వెళ్లేటప్పుడు చీర కుచ్చిళ్లలో ఒకటో రెండో మోసుకుపోయేవాళ్లు. కొద్ది రోజుల్లోనే వాళ్ల ఇళ్లల్లోనూ పిల్లలకు పొక్కులు లేచాయి, అక్కడా వేపమండలు కట్టారు. అమ్మ మొదట కాలు పెట్టింది మా ఇంట్లోనే అని మా అత్తగారు గడపలో కూర్చుని చెప్పుకుంది. ఆ గొప్పకు నా బిడ్డ రక్తం కారుతోందన్న సంగతి అక్కడ ఎవరికీ పట్టలేదు.

నా బిడ్డ కుడికాలు వాచింది. పగిలిన పొక్కుల్లో చీము పట్టింది. పాలు కూడా సరిగా తాగడం మానేసింది. పిల్లను ఎత్తుకుని నేరుగా బస్సెక్కుదామని ఒకసారి గడపదాకా వచ్చాను. మా బావగారు వసారాలో ఉన్న పెద్దమనుషులందరి ముందూ నన్ను ఆపాడు. అమ్మను ఇంట్లోంచి తీసుకుపోతే ఊరికి అరిష్టమని, ఊరంతా తనను అడుగుతుందని అన్నాడు. ఆ పెద్దమనుషులు తలలు ఊపారు. ఊపుతూనే పంచెల్లోకి చేతులు పోనిచ్చి గోక్కున్నారు. ఒక్కడంటే ఒక్కడు కూడా పక్కవాడితో నాకూ దురదగా ఉంది అనలేదు. అంతమంది మగవాళ్లు ఒకే జంపఖానా మీద కూర్చుని, ఒకే పురుగు చేత కుట్టించుకుంటూ, పెద్దరికం చెదరకుండా కూర్చోవడం నేను ఇంకెక్కడా చూడలేదు.

అరిచి ప్రయోజనం లేదని అప్పుడు అర్థమైంది. వాళ్ల దారిలోనే వెళ్లి వాళ్లను పట్టుకోవాలి. మా నాయన యూనిట్‌లో కూలీలు పడుకునే షెడ్డుకు ఇదే పురుగు పడితే ఆయన చేయించే పని ఒకటి నాకు గుర్తుంది. వెడల్పాటి పళ్లెంలో సబ్బునీళ్లు పోసి, మధ్యలో దీపం పెట్టి, నేల మీద ఉంచేవాడు. వెచ్చదనానికీ వెలుగుకీ గెంతిన పురుగు నీళ్లలో పడుతుంది, సబ్బు కలిసిన నీళ్ల మీద నిలబడలేక మునుగుతుంది. నేను మా అత్తగారి దగ్గరికి వెళ్లి, అమ్మవారి ముందు పళ్లెంలో నీళ్లు పోసి దీపం పెట్టుకుంటానని వినయంగా అడిగాను. ఆమె మొహం వెలిగిపోయింది. బండలవాళ్ల కూతురికి ఇన్నాళ్లకు భక్తి కుదిరిందని పొంగిపోయి, పూజలో వాడే పెద్ద ఇత్తడి పళ్లెం స్వయంగా తీసి ఇచ్చింది. అందులో బట్టల సబ్బు అరగదీసి నీళ్లలో కలిపాను. చెంబు బోర్లించి దానిమీద ప్రమిద పెట్టాను. పళ్లెం చుట్టూ వేపాకు కూడా పరిచాను, చూసేవాళ్ల కోసం.

పొద్దున్నే ముత్తైదువలు వచ్చేసరికి పళ్లెంలో నీళ్లు కనబడకుండా ఆవాలు చల్లినట్టు నల్లగా ఉంది. నేను ఆ పళ్లెం తెచ్చి నడిమింట్లో అందరి మధ్యా పెట్టాను. ఇవి పురుగులని, పిల్లను కుట్టింది ఇవేనని, వచ్చినవాళ్ల పిల్లలను కుడుతున్నదీ ఇవేనని చెప్పాను. వాళ్లు వంగి చూశారు. ఒకామెకు అర్థమైనట్టే ఉంది, చటుక్కున చీర దులుపుకుంది. అంతలో మా అత్తగారు ముందుకు వచ్చి పళ్లెం ముందు సాగిలపడింది.

"అమ్మ నీళ్లల్లోకి దిగిపోయినాది. దండం పెట్టుకోండమ్మా అందరూ," అంది.

అందరూ దండం పెట్టుకున్నారు. చచ్చిన పురుగుల పళ్లానికి హారతి ఇచ్చిన ఊరు భూమ్మీద అదొక్కటే అయి ఉంటుంది. నాకు నవ్వు వచ్చింది, ఏడుపూ వచ్చింది. కానీ ఆమె నోటినుంచి నాకు కావలసిన మాట వచ్చేసింది, దాన్ని వదిలిపెట్టలేదు.

"అమ్మ దిగిపోతే ఇంక చీపురు పట్టొచ్చు గదత్తా. పిల్లను డాక్టరుకు చూపిచ్చొచ్చు గదా," అన్నాను.

అంతమంది ముందు ఆమె కాదనలేకపోయింది. హారతి ఇంకా వెలుగుతుండగానే నేను బిడ్డను ఎత్తుకుని బస్టాపుకు నడిచాను. మా ఆయన చెప్పులు వేసుకుని వెనకాలే వచ్చాడు, ఇప్పుడు రావచ్చని తల్లి చెప్పింది కాబట్టి. కళ్యాణదుర్గంలో డాక్టరు పిల్ల కాలు చూసి, ఇంకొంచెం ఆలస్యం చేసి ఉంటే చీము లోపలికి పాకి ప్రాణం మీదికి వచ్చేదని తిట్టాడు. ఇంట్లో కుక్క ఉందా అని అడిగాడు. లేదు, ఎలుకలున్నాయని చెప్పాను. చాలు అన్నట్టు తల ఊపి ఇంజెక్షన్ వేసి కట్టు కట్టాడు.

మర్నాడు ఇంటిని తలకిందులు చేశాను. మూటలన్నీ బయటికి ఈడ్పించి ఎర్రటి ఎండలో పడేశాను. వాటి వెనక దొరికిన ఎలుకలను, పొట్టును ఊరి బయట కాల్పించాను. వసారా గోడ పక్కన కాయల పొట్టు కుప్ప ఉండేది, వీధి కుక్కలు మధ్యాహ్నం అందులో గుంత చేసుకుని పడుకునేవి. కుక్క లేని మా ఇంటికి గోడ అవతల కుక్కల సత్రమే ఉందని అప్పటిదాకా ఎవరూ చూడలేదు. దాన్నీ తీయించాను. పరుపులు, బొంతలు మిద్దె మీద ఆరవేశాను. పక్కబట్టలను కాగే నీళ్లలో ఉడికించాను. జంపఖానాను కర్రతో బాదించాను, ఆ దెబ్బలు మా బావగారి వీపున పడుతున్నట్టు ఊహించుకున్నాను. కన్నాల్లో గాజుపెంకులు కలిపిన సిమెంటు కూరాను. మళ్లీ రెండు వారాల తర్వాత ఇదంతా ఇంకోసారి చేయాల్సి వచ్చింది. గూళ్లలో దాక్కున్న పిల్ల పురుగులు మనిషి అడుగుల అదురుకు బయటికి వస్తాయి. ఒకసారి ఊడ్చి చేతులు దులుపుకునేవాళ్లకు ఈ సంగతి తెలియదు. ఎలుక ఒక్కటే కాదు, అరుగు మీద నిద్రపోయిన వీధికుక్క తెస్తుంది, సంతలో కొన్న పాత పరుపు తెస్తుంది, ఎక్కడో కూర్చుని వచ్చిన మనిషి పంచె అంచు తెస్తుంది. చూడవలసింది పెంపుడు కుక్క ఉందా అని కాదు, మూలల్లో దుమ్ము ఉందా అని.

మూటల గది కడిగినప్పుడు మా అత్తగారు అక్కడే ఉంది. ఆమెకు ఆ గది నా చేతుల్లో పెట్టడం ఇష్టం లేదు. నేను కాగు నిండా మరిగిన నీళ్లు చెంబుతో ముంచి బండల సందుల్లోకి పోశాను. నీళ్లు ఆమెవైపు పారాయి. కాళ్లు కాలకుండా ఆమె చీర పైకెత్తి వెనక్కి జరిగింది.

మోకాళ్లదాకా ఆమె కాళ్లు ఖాళీ లేకుండా మచ్చలు పడి ఉన్నాయి. కొన్ని కొత్తవి. చాలావరకు ఎప్పుడో పొక్కి, పగిలి, నల్లబడినవి. నా బిడ్డ ఒంటి మీద ఒక్క పొక్కు కూడా లేవకముందటివి. గోకినచోట పసుపు పూసి ఉంది.

చెంబు కింద పెట్టి, ఎప్పటినుంచని అడిగాను. ఆమె పక్కకు తప్పుకుని పోబోయింది. నేను కదలకపోయేసరికి, మూటలు ఈ గదిలోకి వచ్చినప్పటినుంచని చెప్పింది. ఎలుకలకు మందు పెట్టకముందే ఆమె పక్కలో పురుగులు దొరికాయట. వేళ్ల మధ్య నలిపి చంపేదట. నేను సాక్సులు తెచ్చి చూపించిన రోజు వాటివైపు ఎందుకు చూడలేదో నాకు అప్పుడు తెలిసింది. పిల్ల బట్ట ఎత్తి చేతులు జోడించినప్పుడు కూడా ఆమెకు అవి ఏమిటో తెలుసు.

అంతకాలం నేను ఆమెను ఏమీ తెలియని మనిషి అనుకుని చులకన చేశాను. తెలియకపోవడం ఎంతో నయం.

మరి ఎందుకు చెప్పలేదని అడిగాను. ఆమె నావైపు కాదు, తలుపువైపు చూస్తూ, గొంతు తగ్గించి చెప్పింది.

"పురుగులని చెప్తే మన ఇంట్లో ఎవురు నీళ్లు తాగుతారే?"

"నా బిడ్డ రక్తం తాగినాయి గదత్తా," అన్నాను.

ఆమె చీర కిందికి వదిలేసి, తడి బండల మీద కాళ్లు ఈడ్చుకుంటూ వెళ్లిపోయింది. ఆ తర్వాత ఆమె చాలా ఏళ్లు బతికింది, చివరి రోజుల్లో నేనే చేశాను అన్నీ. కానీ నేను ఆమెను ఎప్పుడూ క్షమించలేదు.